మూడోసారి అడిగేదాకా

నాకు ఈత రాదు. కృష్ణా డెల్టాలో పుట్టిన వంశంలో ఇది చెప్పుకోవడం చిన్నతనం. మా ఇంట్లో అయితే నిషేధమే. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. మొదటిసారి అన్నది లిథువేనియాలో, ఒక సరస్సు నడిమధ్యన, చెక్క పడవలో, ప్రాణం గొంతులోకి వచ్చాక.

మాది దివిసీమలో మునసబుల కుటుంబం. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి నేను పుట్టలేదు. నాన్నగారు విజయవాడలో కాలేజీలో చదువుకుంటున్నారు. ఆ రోజు ఇంట్లో ఉన్నది తాతయ్య, నాయనమ్మ. ఊళ్లో గట్టి స్లాబు ఉన్న కట్టడం దళితుల పేటలోని చర్చి ఒక్కటే. వీధిలోకి నీళ్లు రాగానే ఆ చర్చి పాస్టరు మొలలోతున నడుచుకుంటూ మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, రండి, చర్చిలోకి పోదాం" అని పిలిచాడట. "పర్లేదు లేవయ్యా. ఆడవాళ్లని తీసుకెళ్లు" అన్నాడట తాతయ్య. పాస్టరు నాయనమ్మను చర్చిలో దిగబెట్టి మళ్లీ వచ్చి పిలిచాడట. తాతయ్య మళ్లీ వద్దన్నాడట. నాయనమ్మ ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే ఆగేది. "మూడోసారి పిలిచి ఉంటే వచ్చేవారే నాయనా" అని చెంగుతో ముక్కు తుడుచుకునేది. అదే సమయానికి నాన్నగారు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి వెళ్లేవారు.

మూడోసారి సంగతి మా వైపు పెద్దిళ్లలో అందరికీ తెలిసిందే. ఎవరైనా భోజనానికి రమ్మంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి, వాళ్ల మాట తీసెయ్యలేక అన్నట్టు కూర్చోవాలి. పిలిచేవాళ్లకూ ఆ లెక్క తెలుసు కాబట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒక్క పిలుపుకే విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి మా నాయనమ్మ వారం రోజులు గుర్తు పెట్టుకునేది. తాతయ్య మర్యాద తప్పకుండా పోయాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. నేనూ అలాగే నమ్మాను.

ఉప్పెన తర్వాత పొలాలు ఉప్పుతేలాయి. కొన్నేళ్లకు ప్రభుత్వం మునసబుగిరీలే ఎత్తేసింది. నాన్నగారు మిగిలింది అమ్ముకుని విజయవాడ వచ్చి, ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం గోడౌన్‌లో ఉద్యోగానికి చేరారు. గ్రీజు డబ్బాల మధ్య తెల్ల చొక్కా మీద మరక పడకుండా ఇరవై ఏళ్లు తిరిగారు. మెకానిక్కులు ఆయన్ను ఏడిపించేవారు. "మునసబు గారూ, శిస్తు వసూలుకొచ్చారా, బోల్టులివ్వడానికొచ్చారా?" ఆయన వెన్ను ఇంకొంచెం నిటారుగా పెట్టేవారు. ఇంటికి వచ్చాక అన్నం దగ్గర నా వీపు మీద రెండు వేళ్లు ఆనించి, "వంగకు" అనేవారు.

నాకు కాలవల దగ్గరికి వెళ్లే అనుమతి లేదు. వేసవి సెలవుల్లో బడి స్నేహితులంతా బందరు కాలవ మెట్ల మీంచి దూకుతుంటే నేను వంతెన మీద నిలబడేవాణ్ణి. వాళ్లు రమ్మంటే, "మా ఇంట్లో అలవాటు లేదు" అనేవాణ్ణి. వంతెన కమ్మీ గట్టిగా పట్టుకునే ఉన్నా ఆ మాట మాత్రం కాలవ నీళ్లు మా స్థాయికి తక్కువన్నట్టు పలికేది. అలా నా భయానికి హోదా వచ్చింది.

2003 చివర్లో లేజర్ల మీద పరిశోధనకు ఉపకారవేతనం దొరికి లిథువేనియా రాజధాని విల్నియస్ వెళ్లాను. ప్రయోగశాలలో నా బల్ల పక్కన మా ఊరి క్యాలెండరు తగిలించుకున్నాను. దాని మీద ప్రకాశం బ్యారేజీ, గేట్లన్నీ ఎత్తి ఉంది. పక్క బల్ల అమ్మాయి అది చూసి, ఇది మీ ఊరేనా, ఈ నదిలోనే ఈదేవాళ్లా అని అడిగింది. "మా ఇల్లు ఇక్కణ్ణించి ఒక మైలు" అన్నాను. అబద్ధమేమీ చెప్పలేదు. ఆమె మాత్రం నేను నదిలో పెరిగిన మనిషినని తీర్మానించుకుంది. ఆ చలికాలమంతా తన వాళ్లకు నన్ను అలాగే పరిచయం చేసింది.

జూన్‌లో వాళ్లకు పెద్ద పండగ వస్తుంది. ఏడాదిలో అన్నిటికన్నా పొడుగైన పగళ్లు అప్పుడే. ఊళ్లన్నీ ఖాళీ చేసి అడవుల్లోకి, సరస్సుల ఒడ్డుకి పోతారు. ఆ ఏడు పండగకి ఎన్నికలు కూడా కలిశాయి. అంతకు ముందే అక్కడి పార్లమెంటు దేశాధ్యక్షుణ్ణి పదవి నుంచి దించేసింది. కొత్త అధ్యక్షుడి కోసం రెండో విడత పోలింగు పండగ వెళ్లిన ఆదివారం. గురువారం నుంచి ఆదివారం దాకా సరస్సు ఒడ్డున గుడారాలు వేసుకుందామని ఆ అమ్మాయి నన్నూ పిలిచింది. నేను వద్దన్నాను. నీ ఇష్టం అని ఆమె తన పనిలో పడింది. రెండో పిలుపు కోసం సాయంత్రం దాకా ఎదురుచూసి, చివరికి సిగ్గు విడిచి నేనే వెళ్లి వస్తానని చెప్పాను. ఆ దేశంలో ఎవరూ రెండోసారి అడగరని నాకు అప్పుడే తెలియాల్సింది.

వెళ్లినది నలుగురం. ఆ అమ్మాయి, అటవీ శాఖలో పనిచేసే వాళ్ల అన్న, ఆమెను చేసుకోబోయే అతను, నేను. చుట్టూ దేవదారు చెట్లు, మధ్యలో కొల్లేరులో ఒక ముక్క కోసి పెట్టినట్టు నల్లటి నీళ్లు. అవతలి ఒడ్డున ఒకటి రెండు ఇళ్ల కప్పులు కనిపించాయి. వాటిలో ఒకటి వాళ్ల మామ్మది. గుడారం నీటికి పది అడుగుల దూరంలో వేశారు. అక్కడ రాత్రి పదకొండింటికీ ఆకాశం తెల్లగానే ఉంటుంది. ఆ వెలుగులో నేను గుడారంలో పడుకుని, నీళ్లు ఒడ్డును తడుతున్న చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. చప్పుడు కొంచెం దగ్గరైనట్టు అనిపిస్తే లేచి గుడారం అంచు తడిమి చూసుకునేవాణ్ణి. పొడిగానే ఉండేది. మళ్లీ పడుకునేవాణ్ణి. మళ్లీ లేచేవాణ్ణి.

పండగ రోజు ఒడ్డు పొడవునా ఎక్కడెక్కడివాళ్లో చేరారు. మగవాళ్లు ఓక్ ఆకుల దండలు నెత్తిన పెట్టుకున్నారు. ఆడపిల్లలు పూలదండల మధ్య కొవ్వొత్తులు వెలిగించి నీళ్లలో వదిలారు. పెద్ద మంట వేసి దాని మీంచి జంటలు జంటలుగా దూకారు. పాటలు, బీరు, పొగబెట్టిన చేపలు. మంటకు వేడెక్కినవాళ్లంతా తిన్నగా పోయి సరస్సులో పడేవారు. రమ్మని నన్నూ పిలిచారు. వద్దన్నాను, వదిలేశారు. ఆ రోజుకి అది నాకు వరంగానే కనిపించింది. మా ఊళ్లో అయితే కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి పడేసేవారు.

తిండి దగ్గర మాత్రం అదే శాపమైంది. బీటు దుంప కలిపిన గులాబీ రంగు మజ్జిగ తాగుతూ, ఉడికిన బంగాళాదుంపలు నంజుకుంటారు. గిన్నె నా వైపు జరిపి వేసుకోమనేవారు. ఇప్పుడు వద్దు అనేవాణ్ణి. గిన్నె అటు వెళ్లిపోయేది. నల్ల రొట్టె కూడా అలాగే వెళ్లిపోయేది. నా సంచిలోని బిస్కెట్ ప్యాకెట్టు శుక్రవారం అయిపోయింది. శనివారం అడవిలోకి ఒంటరిగా పోయి, నేల మీద పాకే చిన్న చిన్న స్ట్రాబెర్రీలు ఏరుకు తిన్నాను. తింటున్నంతసేపూ వెన్ను నిటారుగానే ఉంది.

శనివారం సాయంత్రం గొడవ జరిగింది. ఎన్నికల్లో అన్న ఒక అభ్యర్థి పక్షం, కాబోయే బావ ఇంకొకరి పక్షం. మాటలు నాకు అర్థం కాలేదు గాని గొంతులు అర్థమయ్యాయి. రాజకీయం మాట్లాడుతూ గొంతులు లేస్తే ఏమవుతుందో నాకు బెజవాడ నేర్పింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక నాయకుణ్ణి చంపేశారని ఊరు ఊరంతా తగలబడింది. కర్ఫ్యూ రోజుల్లో మేము తలుపులకు గడియలు పెట్టుకుని, పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నాం. వీధిలో కాలుతున్న రబ్బరు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అందుకని వాళ్లు ఒకరి మీద ఒకరు చెయ్యి చూపించి అరుచుకోవడం మొదలుపెట్టగానే నేను బూట్లు చేతిలోకి తీసుకుని చెట్ల వైపు జరిగి నిలబడ్డాను. కత్తి తీశాడు అన్న. రొట్టె కోశాడు. ఒక ముక్క బావకి విసిరాడు, అతను అందుకుని తిన్నాడు. నేను బూట్లు కింద పెట్టి, వాటిని ఆరబెడుతున్నట్టు నటించాను.

అయితే కోపం పూర్తిగా పోలేదు. ఆదివారం పొద్దున మామ్మను పడవలో ఇవతలికి తీసుకురావాలి. పోలింగు ఇవతలి ఊరి బడిలో. ఆవిడ యవ్వనంలో సోవియట్ ప్రభుత్వం వాళ్ల కుటుంబాన్ని రైలెక్కించి సైబీరియాకు పంపేసిందట. తిరిగొచ్చి, దేశం స్వతంత్రమయ్యాక ఒక్క ఓటు కూడా మానలేదట. ఎప్పుడూ ఇద్దరు మగవాళ్లూ కలిసి తెడ్లు వేసేవారట. ఈసారి ఆ మనిషితో ఒక పడవలో కూర్చోనని అన్న మొరాయించాడు. బావ గుడారంలోంచి బయటికే రాలేదు. అన్న నా వైపు తిరిగాడు.

"నువ్వు నది మనిషివి కదా. రెండో తెడ్డు పడతావా?"

ఆ ప్రశ్నలో నది మనిషివి అన్న గౌరవం ఉంది. దాన్ని తిరిగి ఇచ్చెయ్యడం నాకు చేతకాలేదు. "పద" అన్నాను.

ఒడ్డున చెట్టు కొమ్మకి మూడు నారింజరంగు లైఫ్ జాకెట్లు వేలాడుతున్నాయి. అన్న ఒకటి తీసి మామ్మ కోసం పడవలో పడేశాడు. ఇంకొకటి చేతిలో పట్టుకుని, "నీకు కావాలా?" అన్నాడు.

"వద్దు."

ఆ మాట నోటి నుంచి దానంతటదే వచ్చింది. రెండోసారి అడుగుతాడు, అప్పుడు కొంచెం మొహమాటపడదాం, మూడోసారి తీసుకుందాం. అతను జాకెట్టు కొమ్మకి తగిలించి పడవను నీళ్లలోకి తోశాడు. ఒక్కసారి పడవలో కాలు పెట్టాక ఆ కొమ్మ ఎంత దూరంగా కనిపించిందో చెప్పలేను.

వెళ్లేటప్పుడు నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా నేను నీళ్ల వైపు చూడలేదు. అన్న వీపు మీద చొక్కా కుట్టునే చూస్తూ తెడ్డు లాగాను. తెడ్డు సగం సార్లు గాల్లోనే తిరిగింది. మీ నదిలో ఇలాగే వేస్తారా అని అతను నవ్వాడు. మా నది వేరన్నాను. అది కూడా అబద్ధం కాదు.

మామ్మ అప్పటికే రేవులో చెక్కబల్ల మీద నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ముదురు నీలం గౌను, మెడ దగ్గర తేనె రంగు అంబరు రాయి పెట్టిన పిన్ను, చేతిలో తోలు సంచి, అందులో గుర్తింపు కార్డు. అన్న జాకెట్టు ఇస్తే గౌను నలుగుతుందని సణిగి తొడుక్కుంది. మా ఇద్దరి మధ్య బల్ల మీద, నాకు ఎదురుగా కూర్చుంది.

సగం దూరం వచ్చేసరికి గాలి లేచింది. మొదట నీటి మీద చిన్న చిన్న ముడతలు. తర్వాత అలలు. ఒక అల పడవ అంచు దాటి నా తొడ మీద పడింది. ఆ చల్లదనానికి నా ఒళ్లు గడ్డకట్టింది. తెడ్డు వదిలి బల్లను పట్టుకున్నాను. అన్న వెనక్కి తిరక్కుండానే ఏదో అరిచాడు, లాగమని కాబోలు. లాగాను. మళ్లీ బల్ల పట్టుకున్నాను. పడవ అడుగున నీళ్లు నా బూట్ల మీదికి వచ్చాయి. తాతయ్య గుమ్మంలో నిలబడి నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చూసి ఉంటాడని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని తోసేశాను.

మామ్మ నా మొహం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది. ఏదో అంది. గాలిలోంచి అన్న గట్టిగా చెప్పాడు.

"నీకు ఈతొచ్చా అంటోంది."

"మాది నది ఒడ్డున ఊరని చెప్పు."

అతను చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్లీ అంది.

"ఊరి సంగతి కాదట. నీ సంగతి."

"పర్లేదని చెప్పు."

ఆ మాట నా చెవులకే పాతదిగా వినిపించింది. ఎవరి నోటి నుంచో వచ్చిన మాట. అతను దాన్ని వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ ముందుకు వంగి, ఎముకలు తేలిన చేతిని నా మోకాలి మీద వేసింది. నా కళ్లలోకి చూస్తూ అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఈసారి అన్న అనువాదం చెయ్యలేదు. అక్కర్లేకపోయింది.

"రాదు" అన్నాను. తెలుగులోనే వచ్చింది. తర్వాత ఇంగ్లీషులో అన్నాను.

అన్న తెడ్డు ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. అంతవరకు ఆ మొహంలో భయం లేదు, ఇప్పుడు వచ్చింది. "నేను అడిగానుగా. ఒడ్డునే అడిగానుగా" అన్నాడు. ఆ కాసేపట్లో పడవ అలలకు అడ్డం తిరిగింది. నీళ్లు ఒక్క ఊపున లోపలికి వచ్చి మా పిక్కలు ముంచాయి. పడవ నా వైపు ఒరిగింది. నల్లటి నీళ్లు నా మోచేతికి జానెడు దూరంలో ఉన్నాయి.

మామ్మ తన జాకెట్టు కట్లు విప్పేసింది. వద్దన్నాను. వద్దు వద్దని చేతులు కూడా ఊపాను. ఆవిడ నన్ను అడగలేదు. దాన్ని నా తల మీంచి తోసి, పిల్లాడికి చొక్కా తొడిగినట్టు చేతులు లోపలికి లాగి, నడుము దగ్గర కట్టు బిగించింది. తర్వాత తోలు సంచి నా ఒళ్లో పెట్టి, పడవ అడుగున మోకాళ్ల మీద కూర్చుని, అక్కడున్న రేకు డబ్బాతో నీళ్లు తోడటం మొదలుపెట్టింది. నీలం గౌను నడుము దాకా తడిసిపోయింది.

అన్న పడవను తిన్నగా ఒడ్డుకి నడపకుండా దగ్గరలో ఉన్న రెల్లు గడ్డి వైపు తిప్పాడు. అక్కడ లోతు తక్కువ. గడ్డి అంచు పట్టుకుని సరస్సు చుట్టూ తిరిగి వచ్చాం. అరగంట ప్రయాణం రెండు గంటలు పట్టింది. నేను తోలు సంచిని రెండు చేతులా హత్తుకుని కూర్చున్నాను. తెడ్డు ముట్టుకోలేదు. నన్నెవరూ ముట్టుకోమనలేదు.

బడి దగ్గర మామ్మ తడి బూట్లతోనే లోపలికి నడిచింది. నేల మీద ఆవిడ అడుగుల ముద్రలు ఓటు వేసే చోటు దాకా కనిపించాయి. అన్నా కాబోయే బావా ఒకే వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు, మాట్లాడుకోకుండా. అన్న జరిగింది చెల్లెలికి చెప్పినట్టున్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చింది. నేనింకా జాకెట్టు విప్పలేదు.

"ఒక్క మాట చెప్తే ఏం పోయేది?" అంది.

మా మర్యాద సంగతి చెప్పాను. మొదటిసారి, రెండోసారి, మూడోసారి. ఇంగ్లీషులో చెబుతుంటే అది మర్యాదలా లేదు, ఏదో జబ్బు లక్షణాల్లా ఉంది. ఆమె కాసేపు లెక్క వేసుకుంది.

"అయితే గురువారం నుంచి నీకు ఆకలిగా ఉందా?"

"ఉంది."

ఆమెకు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. వెళ్లి రొట్టె, ఉడికిన గుడ్లు తెచ్చింది. నేను అడిగించుకోకుండా తిన్నాను. తింటూ, మామ్మకు బాగా ఈత వచ్చు కాబోలు, అందుకే జాకెట్టు ఇచ్చేసింది అన్నాను.

"మామ్మకా? నీళ్లలో దిగగా నేనెప్పుడూ చూడలేదు."

రొట్టె కింద పెట్టేశాను. ఆ తర్వాత చాలా రోజులు, ఏ పనిలో ఉన్నా, తడిసిన నీలం గౌను గుర్తొచ్చేది. నేను మునగడం కాదు, నా బింకానికి ఆవిడ మునగడం కనిపించేది.

సోమవారం టెలిఫోన్ కార్డు కొనుక్కుని ఇంటికి ఫోన్ చేశాను. నాన్నగారు ఎత్తారు. నాయనమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. బాగున్నావా అంటే బాగున్నాననడం మా అలవాటు. ఆ రోజు అనలేదు. సరస్సు, పడవ, జాకెట్టు అంతా చెప్పాను. ఆవిడ మూడోసారి అడిగితే గాని నా నోరు పెగల్లేదని, తాతయ్యను కూడా ఆ మూడోసారి అడిగేవాళ్లు ఉండి ఉంటే అని ఏదో అనబోయాను.

"అడిగారు" అన్నారు నాన్నగారు.

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"పాస్టరు మూడోసారీ వెళ్లాడు. మెడ దాకా నీళ్లలో. మీ నాయనమ్మ చర్చి కిటికీలోంచి చూసింది. ఒక్కడే తిరిగొచ్చాడు. నాకు ముందునుంచీ అనుమానమే. పోయే ముందు ఆవిడే చెప్పింది. మీ తాతయ్య పేటలోకి రానన్నాడు. అంతే. మర్యాద కాదురా అది."

కార్డులో నిమిషాలు తరిగిపోతున్నాయి. నాన్నగారు గొంతు సవరించుకుని, ఆ ఊళ్లో ఈత నేర్పేవాళ్లు ఉన్నారా అని అడిగారు. ఉన్నారన్నాను.

ఆ శనివారం విశ్వవిద్యాలయం ఈతకొలనుకు వెళ్లాను. ఇనప నిచ్చెన పట్టుకుని, అప్పట్లో వంతెన మీద నిలబడినట్టే నిలబడ్డాను. ఈల మెడలో వేసుకున్న శిక్షకురాలు, లోతు వైపా, తక్కువ వైపా అని అడిగింది. ఒక్కసారే అడిగింది.

తక్కువ వైపు అన్నాను.